పొగ ఢిల్లీ చేతిలో, మురుగు రాష్ట్రం చేతిలో: నీటి చట్టం మీద అసలు తగాదా

పటాన్‌చెరులోనో పరవాడలోనో ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీ ఉందనుకోండి. దాని చిమ్నీలోంచి వచ్చే పొగ మీద ఉన్న చట్టాన్ని పార్లమెంటు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు, మారిస్తే దేశమంతటా మారినట్టే. అదే ఫ్యాక్టరీ గోడ కింద నుంచి వాగులోకి పోయే నీళ్ల సంగతి వచ్చేసరికి మాత్రం పార్లమెంటుకు సొంతంగా ఆ అధికారం లేదు. ముందు కనీసం రెండు రాష్ట్రాల శాసనసభలు "ఈ పని మా తరఫున మీరు చేయండి" అని తీర్మానం చేసి పంపాలి. పంపాక చేసిన చట్టం కూడా అలా అడిగిన రాష్ట్రాల్లోనే అమలవుతుంది, మిగతావాళ్లు తర్వాత తీరిగ్గా తమ సభలో తీర్మానం పెట్టుకుని చేరాలి. 2024 ఫిబ్రవరిలో నీటి కాలుష్య చట్టం సవరణ మీద పార్లమెంటులో జరిగిన గొడవ, ఆ సవరణను తీసుకోవాలా వద్దా అని తర్వాత మిగతా రాష్ట్రాలకు మిగిలిన ప్రశ్న, రెండూ ఈ తేడాలోంచే పుట్టాయి. టీవీ చర్చల్లో ఈ సంగతి దాదాపు ఎవరూ చెప్పలేదు. జైలు శిక్షలు తీసేశారా లేదా అన్నదాని దగ్గరే అందరూ ఆగిపోయారు.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో నీళ్లు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం 6వ అంశం, అదీ రాష్ట్రాలదే. కేంద్రం చేతిలో ఉన్నదల్లా కేంద్ర జాబితాలోని 56వ అంశం, అంటే ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పారే నదుల నియంత్రణ, అభివృద్ధి. 1976లో ఎమర్జెన్సీ నడుస్తుండగా 42వ సవరణతో అడవుల్ని, వన్యప్రాణుల్ని రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు పట్టుకుపోయిన ప్రభుత్వం కూడా నీళ్ల జోలికి మాత్రం పోలేదు. ఎందుకు పోలేదో ఊహించడం కష్టమేమీ కాదు, నీళ్లంటే సాగు, సాగంటే ఓట్లు. చేతిలో ఉన్న 56వ అంశాన్నయినా కేంద్రం గట్టిగా వాడుకుందా అంటే అదీ లేదు. 1956లో నదీ బోర్డుల చట్టం చేశారు, అంతర్రాష్ట్ర నదుల్లో కాలుష్య నివారణ కూడా ఆ బోర్డుల పనుల్లో ఒకటని అందులో రాశారు, కానీ ఆ చట్టం కింద ఒక్క బోర్డు కూడా పుట్టలేదు. కృష్ణా మీద, గోదావరి మీద ట్రిబ్యునళ్లు వచ్చాయి, దశాబ్దాలు వాదించాయి, వాదించినదంతా ఎన్ని టీఎంసీలు ఎవరికి అనే. ఆ టీఎంసీల్లో ఏం కలిసి వస్తోందన్నది ఎవరికీ పెద్ద పట్టింపు కాలేదు.

కాబట్టి కాలుష్యం సంగతి చూడాలంటే మిగిలిన దారి ఆర్టికల్ 252. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ రాష్ట్రాలు అడిగితే రాష్ట్ర జాబితాలోని అంశం మీద పార్లమెంటు చట్టం చేయొచ్చు. 1974 నీటి చట్టం అలా వచ్చిందే. మొదట అది 12 రాష్ట్రాలకే వర్తించింది: అస్సాం, బిహార్, గుజరాత్, హర్యానా, హిమాచల్ ప్రదేశ్, జమ్మూ కశ్మీర్, కర్ణాటక, కేరళ, మధ్యప్రదేశ్, రాజస్థాన్, త్రిపుర, పశ్చిమ బెంగాల్. ఈ వరుసలో ఆంధ్రప్రదేశ్ లేదు. తర్వాత చేరింది, 1976లో కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. తెలంగాణకు ఆ చట్టం 2014 విభజనతో అలాగే సంక్రమించింది.

252లో ఒక మెలిక ఉంది, ఈ వ్యవహారమంతటికీ కీలకం అదే. తీర్మానం చేసి పార్లమెంటుకు అప్పగించిన చట్టాన్ని ఆ తర్వాత రాష్ట్ర శాసనసభ మార్చలేదు, రద్దు చేయలేదు. మార్చాలన్నా తీసేయాలన్నా మళ్లీ అదే పద్ధతిలో పార్లమెంటే చేయాలి. అంటే ఇవ్వడానికి ఒక పూట సభ చాలు, వెనక్కి తీసుకోవడం మాత్రం రాష్ట్రం చేతిలో లేదు. ఇంత బరువున్న తీర్మానాలు మన సభల్లో సాధారణంగా ఎలా నడుస్తాయో తెలిసిందే. మంత్రి లేచి చదువుతారు, అవతల ఏదో వేరే గొడవ నడుస్తుంటుంది, "అవును" అన్నవాళ్లే ఎక్కువని సభాపతి ప్రకటిస్తారు.

పొగ దారి వేరు. 1981 గాలి చట్టానికీ, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టానికీ కేంద్రం ఆర్టికల్ 253ను పట్టుకుంది. అంతర్జాతీయ ఒప్పందాలను, సదస్సుల నిర్ణయాలను అమలు చేయడానికి ఏ అంశం మీదనైనా పార్లమెంటు చట్టం చేయొచ్చనేది ఆ ఆర్టికల్. 1972లో స్టాక్‌హోంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు జరిగింది, మనమూ వెళ్లాం, కాబట్టి చట్టం చేసే అధికారం ఉంది అన్నారు, సరిపోయింది. ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే 2023లో జన్ విశ్వాస్ చట్టం ద్వారా గాలి చట్టంలో, పర్యావరణ చట్టంలో చాలా జైలు శిక్షలను జరిమానాలుగా మార్చినప్పుడు ఆ మార్పు దేశమంతటికీ ఒక్కసారే పోయింది. నీటి చట్టాన్ని అలా చుట్టేయడం కుదర్లేదు. హిమాచల్ ప్రదేశ్, రాజస్థాన్ శాసనసభలు తీర్మానాలు చేశాక 2024 ఫిబ్రవరి 5న రాజ్యసభలో బిల్లు పెట్టారు, 6న అక్కడ పాసైంది, 8న లోక్‌సభలో పాసైంది. 50 ఏళ్ల చట్టాన్ని మార్చడానికి నాలుగు రోజులు.

అందులో ఏముంది? కలుషిత నీటిని వాగుల్లోకీ బావుల్లోకీ వదిలితే పాత చట్టంలో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు, జరిమానా. ఇప్పుడు ఆ జైలు లేదు, 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ. అది కట్టకపోతే అప్పుడు మూడేళ్ల దాకా జైలు లేదా పెనాల్టీకి రెండింతల దాకా జరిమానా. పెనాల్టీ ఎంతో తేల్చేది కోర్టు కాదు, కేంద్రం నియమించే అధికారి. ఆ డబ్బు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద పెట్టిన నిధికి పోతుంది. దీని మీద జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలుకు పోవాలంటే పెనాల్టీలో పది శాతం ముందే కట్టాలి. అనుమతి లేకుండా ఫ్యాక్టరీ పెడితే, నడిపితే ఆరేళ్ల దాకా ఉన్న జైలు శిక్షను మాత్రం ఉంచారు. జైలు తీసేశారన్న గోల నిజమే కానీ సగమే నిజం. తీసేసిన జైలు శిక్ష కాగితం మీద ఎంత భయంకరంగా ఉన్నా, ఏళ్ల తరబడి మేజిస్ట్రేట్ కోర్టుల్లో వాయిదాలు తిరిగే కేసుల వల్ల ఏ వాగూ బాగుపడలేదన్న వాదనను కొట్టిపారేయడం కష్టం.

గట్టిగా చూడాల్సినవి మిగతా మూడు మార్పులు. ఒకటి, రాష్ట్ర మండలి ఛైర్మన్‌ను రాష్ట్రమే నామినేట్ చేస్తుంది కానీ ఏ పద్ధతిలో చేయాలో, ఉద్యోగ నిబంధనలేంటో కేంద్రం చెబుతుంది. రెండు, రాష్ట్ర మండలి ఇచ్చే కన్సెంట్లకు (ఫ్యాక్టరీ పెట్టడానికి, నడపడానికి ఇచ్చే అనుమతులు, మన దగ్గర సీఎఫ్‌ఈ, సీఎఫ్‌ఓ అంటాం కదా, అవే) ఇవ్వడానికీ నిరాకరించడానికీ రద్దు చేయడానికీ మార్గదర్శకాలు కేంద్రం ఇస్తుంది. మూడు, కొన్ని రకాల పరిశ్రమలకు అసలు ఆ కన్సెంటే అక్కర్లేదని కేంద్రం ప్రకటించొచ్చు.

ఛైర్మన్ల విషయంలో రాష్ట్రాల తరఫున వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. పర్యావరణం గురించి ఓనమాలు తెలియని నాయకుల్ని, పదవి దక్కక అలిగినవాళ్లని సర్దుబాటు చేయడానికి ఈ కుర్చీని వాడుకున్న రాష్ట్రాలు ఎన్నో ఉన్నాయి. 2016లో హరిత ట్రిబ్యునల్ దీని మీద విరుచుకుపడింది. 2017లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెడుతూనే, అర్హతలకు సంబంధించిన నిబంధనలు ఆరు నెలల్లో రాసుకోండని రాష్ట్రాలకు చెప్పింది. రాసుకునే అవకాశం వచ్చినప్పుడు బద్ధకించి, ఇప్పుడు కేంద్రం రాస్తానంటే సమాఖ్య స్ఫూర్తి దెబ్బతింది అంటే వినేవాళ్లకు నవ్వొస్తుంది.

మినహాయింపు సంగతి వేరు, దాని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సరిగ్గా ఇదే ప్రశ్న మీద దేశానికంతటికీ దారి చూపిన తీర్పు హైదరాబాద్ శివార్ల నుంచే వచ్చింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకూడదని 1996 మార్చిలో వచ్చినదే జీవో 111. అప్పట్లో శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె నుంచి రసాయనాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి కట్టడం మొదలుపెట్టారు. మండలి కన్సెంట్ ఇవ్వనంది. 1997లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఒక్క ఫ్యాక్టరీకి పది కిలోమీటర్ల నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చేసింది. అప్పీలు అథారిటీ కంపెనీ వైపు చెప్పింది, హైకోర్టు కన్సెంట్ ఇమ్మంది. రాష్ట్రం పెట్టిన మండలే రాష్ట్రం ఇచ్చిన మినహాయింపుకు అడ్డం పడుతూ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999 జనవరిలో ఒక తీర్పు, 2000 డిసెంబరులో తుది తీర్పు, రెండింటిలోనూ జస్టిస్ ఎం. జగన్నాథరావు ధర్మాసనమే. మా ఫ్యాక్టరీ వల్ల హాని లేదని నిరూపించాల్సిన భారం ఫ్యాక్టరీ పెట్టేవాడిదే అంది కోర్టు. తాగునీటి చెరువుల పక్కన నిషేధం పెట్టి, అందులోంచి ఒకరిని తప్పించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి లేదనీ, లక్షల మంది జంటనగరాల ప్రజల గతి ఏంటని ఆలోచించకుండా ఆ ఉత్తర్వు ఇచ్చారనీ చెప్పి దాన్ని కొట్టేసింది.

ఇక్కడ తప్పు చేసింది రాష్ట్రం. కాబట్టి రాష్ట్రాల్ని నమ్మలేం, అధికారం పైకి పోవాల్సిందే అని ఈ కేసును చూపించొచ్చు. కానీ 2024 సవరణ చేసింది అది కాదు. రాష్ట్రానికి ఏ మినహాయింపు అధికారం లేదని కోర్టు చెప్పిందో, కాస్త వేరే రూపంలో అలాంటి అధికారాన్ని చట్టంలోనే రాసి కేంద్రం చేతికిచ్చింది. తేడాలు ఉన్నాయి, దాచక్కర్లేదు. కేంద్రం ఇచ్చేది ఒక్క కంపెనీకి కాదు, పరిశ్రమల రకాలకు, అదీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిని సంప్రదించాక. కన్సెంట్ అక్కర్లేదన్నంత మాత్రాన మురుగు వదలొచ్చని కాదు, విడుదల ప్రమాణాలు అలాగే ఉంటాయి. 2024 నవంబరులో వచ్చిన మొదటి మినహాయింపు కూడా వైట్ కేటగిరీలోని 39 రకాలకే, అవి నిజంగానే పెద్దగా కాలుష్యం లేనివి. ఆ నోటిఫికేషన్ ఒక్కదాన్నే చూస్తే గగ్గోలు పెట్టాల్సిందేమీ లేదు. అడగాల్సింది రేపటి నోటిఫికేషన్ గురించి. ఒక రకం పరిశ్రమ దేశమంతటా ఒకేలా ఉండదు, పక్కన గండిపేట (ఉస్మాన్‌సాగర్) ఉందా బంజరు ఉందా అన్నదాన్ని బట్టి దాని ప్రమాదం మారుతుంది. పెద్దషాపూర్ కేసులో మండలి పట్టుకున్నది సరిగ్గా ఆ స్థానిక సంగతినే. ఢిల్లీలో కూర్చుని రకాల జాబితా రాసేవాళ్లకు ఏ ఫ్యాక్టరీ ఏ చెరువు పక్కన ఉందో జాబితాలో కనబడదు. అంతమాత్రాన రాష్ట్రమేదో చెరువుల కావలి కుక్కలా ఉందనీ అనలేం, జీవో 111 ఆంక్షల్ని 2022లో తెలంగాణ ప్రభుత్వమే జీవో 69తో ఎత్తేసింది.

ఢిల్లీకి పోయిన అధికారం ఎలా పని చేస్తుందో చూడటానికి కూడా దూరం పోనక్కర్లేదు, పటాన్‌చెరు చాలు. అక్కడి ఫ్యాక్టరీల వ్యర్థజలాల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కంటే కూడా ఎక్కువ అది. మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. పరిశ్రమల వ్యర్థజలాలకు జాతీయ ప్రమాణాలు రాసేది పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం. 2020 జనవరిలో బల్క్ డ్రగ్ పరిశ్రమకు యాంటీబయాటిక్ అవశేషాల పరిమితులతో ముసాయిదా వచ్చింది, ప్రపంచంలోనే ముందడుగు అన్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయం. సరే, కేంద్రం వెనక్కి తగ్గింది. రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. జాతీయ ప్రమాణాల కంటే కఠినమైనవి రాష్ట్ర మండళ్లు పెట్టుకోవచ్చని పర్యావరణ నిబంధనల్లోనే ఉంది, సడలించే వీలు మాత్రం లేదు. కేంద్రం అధికారాలు లాక్కుంటోందని సభల్లో గొంతు చించుకోవడం కంటే, చేతిలో ఉన్న ఈ అధికారాన్ని వాడుకోవడం కష్టమైన పని, ఎందుకంటే ఎదురుగా ఉండేది ఫార్మా, దాని వెనక ఉద్యోగాలు, పెట్టుబడులు, పక్క రాష్ట్రానికి పోతామన్న బెదిరింపు. నీళ్ల నాణ్యత మీద జాతీయ స్థాయిలో కనీస గీత ఉండాలనడానికి బలమైన కారణం కూడా ఆ బెదిరింపే. గీత అన్నిచోట్లా ఒకటే అయితే పోవడానికి చోటుండదు.

అమెరికాలో ఈ వాదన చాలా ఏళ్లుగా నడుస్తోంది, అక్కడ స్థిరపడిన తెలుగువాళ్లకు దాని సెగ తెలిసే ఉంటుంది. 1972లో స్వచ్ఛ జలాల చట్టాన్ని నిక్సన్ వీటో చేస్తే కాంగ్రెస్ ఆ వీటోను తోసిపుచ్చి మరీ తెచ్చింది. కనీస ప్రమాణం ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏది, పర్మిట్లు ఇచ్చే పని చాలా రాష్ట్రాలు తీసుకున్నాయి, సరిగ్గా చేయకపోతే ఈపీఏ ఆ పనిని వెనక్కి తీసుకోవచ్చు, రాష్ట్రం కావాలంటే ఇంకా కఠినంగా ఉండొచ్చు. 2011 జులైలో ఈపీఏ రెక్కలు కత్తిరించే బిల్లును ప్రతినిధుల సభ పాస్ చేసింది, రాష్ట్రం ఒకసారి ఆమోదించిన నీటి ప్రమాణాల్లో రాష్ట్రం ఒప్పుకోకుండా ఈపీఏ వేలు పెట్టకూడదని. సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు. 2023లో సుప్రీంకోర్టు సాకెట్ కేసులో ఫెడరల్ చట్టం ఏ చిత్తడి నేలల దాకా వర్తిస్తుందన్న హద్దును బాగా కుదించింది. అక్కడ రాష్ట్రాల హక్కు అనే మాట ఎక్కువగా నిబంధనలు సడలించాలనుకునేవాళ్ల నోట వినిపిస్తుంది. మన దగ్గర 2024లో సడలింపు పై నుంచే వచ్చింది. కాబట్టి కేంద్రమంటే కఠినం, రాష్ట్రమంటే మెతక అనో, లేదా దానికి తలకిందులుగానో ఒక సూత్రం పెట్టుకుని ఈ చర్చలో దిగితే దెబ్బతింటాం.

రాష్ట్ర మండలి మీద ఇప్పటికే ఇద్దరు యజమానులున్నారు. చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం కేంద్ర మండలి చెప్పింది వినాలి, రాష్ట్ర ప్రభుత్వం చెప్పిందీ వినాలి, రెండూ ఒకదానికొకటి అడ్డమైతే కేంద్ర ప్రభుత్వం తేలుస్తుంది. రాష్ట్ర మండలి మాట వినకపోతే దాని పనిని కేంద్ర మండలితో చేయించే వీలు 1988 సవరణలోనే వచ్చింది. అంటే కేంద్రానికి 2024 దాకా చేతులు కట్టేసి ఉన్నాయన్నది నిజం కాదు.

అసలు కొరత చేసే మనుషులకి, డబ్బుకి. దేశంలో కాలుష్య మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. నీటి సెస్సు అని 1977 నుంచి ఒకటి ఉండేది, పరిశ్రమలు, మున్సిపాలిటీలు వాడిన నీటికి మండళ్లే వసూలు చేసి కేంద్ర ఖజానాకు కడితే అందులో పెద్ద వాటా మళ్లీ మండళ్లకు వచ్చేది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అది రద్దయింది. ఇప్పుడు చాలా మండళ్ల ఆదాయానికి ఆధారం కన్సెంట్ ఫీజులు. ఫ్యాక్టరీలు ఎన్ని వస్తే అంత ఆదాయం అన్నమాట, ఇందులో ఉన్న ఇబ్బంది విడమరిచి చెప్పక్కర్లేదు. కన్సెంట్ అక్కర్లేని రకాలు పెరుగుతూ పోతే ఆ ఫీజులూ తగ్గుతాయి, పెనాల్టీ డబ్బేమో కేంద్ర చట్టం కింది నిధికి పోతుంది. తనిఖీకి జీపు, శాంపిల్ పరీక్షకు ల్యాబు మాత్రం రాష్ట్రమే చూసుకోవాలి. మండళ్లకు ఈ మధ్య దొరికిన ఊరట 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. నీటి చట్టం 33ఏ సెక్షన్ కింద, దెబ్బతిన్న పర్యావరణాన్ని బాగు చేయడానికి అయ్యే నష్టపరిహారాన్ని మండళ్లు నేరుగా వసూలు చేయొచ్చని, జరగబోయే హానికి ముందుగానే పూచీకత్తు అడగొచ్చని అంది. 15 లక్షల పరిమితి ఉన్న పెనాల్టీతో పోలిస్తే, పెద్ద కంపెనీలు నిజంగా లెక్కచేసేది దీన్నే.

ఇంతకీ ఈ వాదన మొత్తం ఫ్యాక్టరీల చుట్టూనే తిరిగింది. కేంద్ర మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు పుడితే, శుద్ధి అవుతున్నది 20,236. మిగతాదంతా నాలాల్లోంచి చెరువుల్లోకి, నదుల్లోకి. మూసీని చూస్తే లెక్కలు చదవక్కర్లేదు. ఈ మురుగు వదిలేది మున్సిపాలిటీలు, జల మండళ్లు, అంటే ప్రభుత్వమే. రాష్ట్ర మండలి తన మీద ఉన్న రాష్ట్ర ప్రభుత్వపు సంస్థ మీదే చర్య తీసుకోవాలి, ఎంత తీసుకుంటుందో అందరికీ తెలుసు. కేంద్రం దగ్గర కూర్చున్న అధికారికి ఆ మొహమాటం ఉండదు కాబట్టి ఈ ఒక్క విషయంలో అధికారం పైకి పోవడం వల్ల లాభం జరగాలి. సవరణలో దీని కోసం ఏం రాశారని చూస్తే, ప్రభుత్వ శాఖ చట్టాన్ని ఉల్లంఘిస్తే ఆ శాఖాధిపతి ఒక నెల మూలవేతనం పెనాల్టీగా కట్టాలి. ఈ సవరణను తీసుకోవాలా వద్దా అన్న తీర్మానం ఏ శాసనసభ ముందుకు వచ్చినా, దాన్ని తయారు చేసి మంత్రి చేతికి ఇచ్చేది అలాంటి శాఖాధిపతులే.